మిర్యాలగూడ డాక్టర్ దంపతుల బీమా కాగితాలు: ఏది ముందు సరిచేయాలి?

డాక్టరమ్మా, నమస్తే. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. మీరు గైనకాలజిస్టు, వయసు 40. సారు ఆర్థోపెడిక్ సర్జన్, 43. మిర్యాలగూడలో సొంతంగా 20 పడకల దవాఖాన, దాని మీద ఇంకా 2 కోట్ల 40 లక్షల అప్పు, కాగితాల మీద ఇద్దరి సంతకాలు. పాపకి 13 ఏళ్ళు, బాబుకి 9. ఇంట్లో అత్తమామలు. జీవిత బీమా పాలసీలు ఏడు, ఏడాదికి 3,90,000 ప్రీమియం, అన్నీ కలిపి బీమా మొత్తం 46 లక్షలు. బ్యాంకు వాళ్ళిచ్చిన 5 లక్షల ఫ్యామిలీ హెల్త్ పాలసీ. ఇద్దరికీ చెరొక కోటి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ (వైద్యంలో తప్పు జరిగిందని కేసు పడితే పరిహారం కట్టే బీమా). ఐటీ రిటర్నులో సారు ఆదాయం 18 లక్షలు. "ఇన్ని కడుతున్నాం కదా, ఇంకా ఏమన్నా కావాలా, ఉన్నవాటిలో ఏమన్నా తీసేయాలా" అని అడిగారు.

నేను ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆఫీసుల్లో క్లెయిముల ఫైళ్ళతోనే గడిచింది. పాలసీ కొనేటప్పుడు ఎవరూ చదవని పేజీలన్నీ క్లెయిము వచ్చిన రోజు నేను చదవాల్సి వచ్చేది. డాక్టర్ల ఫైళ్ళు చాలానే చూశాను, కొన్ని ఇప్పటికీ మనసులోంచి పోలేదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఇంట్లో రెండు సంపాదనలు ఉన్నాయని మీరు ధైర్యంగా ఉన్నారు. కానీ ఆ రెండూ ఒకే గేటులోంచి వస్తున్నాయి. సారు చేతికి దెబ్బ తగిలినా, మీ మీద ఒక డెలివరీ కేసు పడినా, ఒక రాత్రి గేటు ముందు గొడవ జరిగి పదిహేను రోజులు ఓపీ ఆగినా ఇద్దరి సంపాదనా ఒక్కసారే పడిపోతుంది. బ్యాంకు కిస్తీ మాత్రం ఉన్నదున్నట్టే కట్టాలి. మీ ఏడు పాలసీలు వీటిలో దేనికీ అక్కరకు రావు. గడువు తీరితేనో, మీ ఇద్దరిలో ఒకరు చనిపోతేనో తప్ప అవి పలకవు. ఇద్దరి పేర్ల మీదవీ కలిపి చూసినా ఆ 46 లక్షలు అప్పులో ఐదో వంతు కూడా కావు.

కాబట్టి ముందు ఇండెమ్నిటీ సంగతి చూద్దాం. అందరూ జీవిత బీమాతో మొదలుపెడతారు, మీ విషయంలో నేను ఇక్కడ మొదలుపెడతాను. ఎందుకంటే ఇదొక్కటే వెనక్కి పోయి పాత తప్పు సరిచేసుకోనివ్వని పాలసీ.

"చెరొక కోటి" అన్నారు. ఇవాళ రాత్రి ఓపీ అయ్యాక పాలసీ షెడ్యూల్ (పాలసీ వివరాల కాగితం) తీసి చూడండి. అందులో రెండు పరిమితులు ఉంటాయి: ఏడాది మొత్తానికి ఎంత, ఒక్క ఘటనకి ఎంత. ఈ రెంటి నిష్పత్తి 1:1 నుంచి 1:4 దాకా ఉంటుంది. మీ దాంట్లో 1:4 అని ఉంటే, కోటి అన్నది ఏడాది మొత్తానికి. ఒక్క కేసుకి దొరికేది 25 లక్షలే. వకీలు ఖర్చులు కూడా చాలా పాలసీల్లో అందులోంచే పోతాయి. ప్రీమియం తక్కువ చేసి చూపడానికి ఏజెంట్లు 1:4 పెడతారు, డాక్టరుకి చెప్పరు. మీవి, సారువి రెండూ కోత కోసే వృత్తులు. మీకు 1:1 కావాలి.

ఎంత మొత్తానికి అన్నదానికి నేను ఒక్క సంగతి గుర్తుచేస్తా. వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే వి.పి. శాంత కేసులో తేల్చింది. 2013లో కునాల్ సాహా కేసులో, 1998లో చనిపోయిన ఆయన భార్య విషయంలో, అదే కోర్టు దాదాపు 6 కోట్ల పరిహారం, దాని మీద వడ్డీ ఇప్పించింది. ప్రతి కేసూ అలా ఉండదు, మన జిల్లా వినియోగదారుల కమిషన్లలో వచ్చే మొత్తాలు చాలా చిన్నవి. అయితే కాన్పులో బిడ్డకి మెదడు దెబ్బతిన్నదని కేసు వస్తే, ఆ బిడ్డ జీవితాంతం సేవకి అయ్యే ఖర్చు లెక్కలోకి వస్తుంది. అందుకే గైనిక్ వాళ్ళకి ఒక్క ఘటనకి కోటి అన్నది నా దృష్టిలో అడుగు మెట్టు. రెండు కోట్లకి కొటేషన్ అడగండి, ప్రీమియం రెండింతలు కాదని మీకే కనిపిస్తుంది.

ఇక నన్ను వదలని ఫైలు గురించి చెప్తా. ఈ పాలసీలు "క్లెయిమ్స్ మేడ్" పద్ధతిలో నడుస్తాయి. అంటే ఆపరేషన్ చేసిన రోజు పాలసీ ఉంటే చాలదు, నోటీసు వచ్చిన రోజు కూడా ఉండాలి. ఆపరేషన్ తేదీ మాత్రం షెడ్యూల్‌లో రాసిన రెట్రోయాక్టివ్ డేట్ (ఏ రోజు నుంచి చేసిన వైద్యానికి పాలసీ వర్తిస్తుందో ఆ తేదీ) తర్వాతిదై ఉండాలి. మా ప్రాంతంలో ఒక లేడీ డాక్టరు పదకొండేళ్ళు ఒకే కంపెనీలో పాలసీ కట్టారు. రెండు వేలు తక్కువవుతుందని ఏజెంటు వేరే కంపెనీకి మార్చాడు. కొత్త పాలసీలో రెట్రోయాక్టివ్ డేట్ గడిలో పాత తేదీ రాయించలేదు, ఆ రోజు తేదీనే పడ్డది. ఏడు నెలలకి, అంతకుముందు ఏడాది చేసిన సిజేరియన్ మీద నోటీసు వచ్చింది. పాలసీ అయిపోయాక వచ్చిన నోటీసు అని పాత కంపెనీ అన్నది. పాలసీ మొదలుకాక ముందు చేసిన ఆపరేషన్ అని కొత్త కంపెనీ అన్నది. ఇద్దరూ నియమం ప్రకారమే మాట్లాడారు. పదకొండేళ్ళ ప్రీమియం ఒక్క గడి వల్ల ఎందుకూ పనికిరాకుండా పోయింది. అందులో ఒక ఫైలు మీద "చెల్లదు" అని రాసిన చెయ్యి నాదే.

మీరు ఏ కంపెనీకైనా మారండి, పాత తేదీ అలాగే కొనసాగుతుందని షెడ్యూల్‌లో అచ్చులో కనిపించాలి. ఏజెంటు నోటి మాట, వాట్సాప్ మెసేజీ లెక్కలోకి రావు. రెన్యువల్ ఒక్క రోజు కూడా తప్పనీయకండి. రేపు ప్రాక్టీసు మానేసినా కొన్నేళ్ళు ఈ పాలసీ నడపాలి. వినియోగదారుల చట్టంలో ఫిర్యాదుకి రెండేళ్ళ గడువు ఉన్నా, సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది.

ఇంకొకటి, మన వైపు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది. దవాఖానలో ఎవరైనా చనిపోతే బంధువులు గేటు ముందు కూర్చుంటారు, ఊరి పెద్దమనుషులు వస్తారు, తెల్లవారేలోపు ఇంతని తెంపుతారు. డాక్టరు బీరువా తీసి ఇచ్చేస్తాడు. ఆ పైసలు ఇండెమ్నిటీ పాలసీ ఇవ్వదు. కంపెనీ ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఒప్పుకున్నది ఏదైనా పాలసీ షరతుకి విరుద్ధం. పైగా డాక్టరు తప్పు ఒప్పుకున్నట్టు ఆ కాగితం మీద ఒక్క వాక్యం ఉన్నా, తర్వాత కేసు పడితే అదే సాక్ష్యం. ఆ రాత్రి మీ పరిస్థితి నాకు తెలుసు. స్టాఫ్ వణుకుతుంటారు, లోపల వేరే పేషెంట్లు ఉంటారు. ఇవ్వక తప్పని రోజు రావచ్చు. అయితే అది మీ సొంత డబ్బు అని తెలిసే ఇవ్వండి. అంతకన్నా ముందు పోలీసులకీ, బీమా కంపెనీకీ సమాచారం పంపండి, ఈమెయిల్ అయినా సరే. ఇలాంటి రాత్రి కోసం ఎప్పుడూ కదిలించని ఒక మొత్తం బ్యాంకులో విడిగా పెట్టుకోమని నేను డాక్టర్లకి చెబుతుంటాను. బీమా రాని చోట అదే బీమా.

కేసు వేసేవాళ్ళు డాక్టరుతో పాటు దవాఖాన పేరు కూడా చేరుస్తారు. మీ ఇద్దరి వ్యక్తిగత పాలసీలు దవాఖానకి వర్తించవు. రాత్రి డ్యూటీ నర్సు ఇంజెక్షన్ తప్పు ఇచ్చిందనుకోండి, అది దవాఖాన బాధ్యత. దానికి హాస్పిటల్ పేరున వేరే ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ పాలసీ ఉంటుంది, అది మీ దగ్గర లేదు. నల్లగొండ నుంచో సూర్యాపేట నుంచో వచ్చే మత్తు డాక్టరుకి సొంత పాలసీ ఉందా? ఏటా దాని కాపీ తీసుకుని మీ ఫైల్లో పెట్టండి. అడగడానికి మొహమాటపడొద్దు, మంచి డాక్టరు ఎవరూ తప్పుగా అనుకోరు. అర్హత లేని మనిషి చేసిన పనికి ఏ పాలసీ కూడా నిలబడదు, ఈ మాట సారుకి కూడా చెప్పండి. కన్సెంట్ కాగితాలు, కేస్ షీట్లు నియమం ప్రకారం కనీసం 3 ఏళ్ళు దాచాలి, పేషెంటు అడిగితే 72 గంటల్లో కాపీ ఇవ్వాలి. కాన్పుల ఫైళ్ళు మాత్రం అంతకన్నా చాలా కాలం దాచండి. కేస్ షీటు లేకపోతే బీమా కంపెనీ వకీలుకి కూడా మాట్లాడటానికి ఏమీ ఉండదు.

రెండోది సారు చెయ్యి. మీరు దీని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు, అదే నాకు భయం వేసింది. వారానికి ఒకరోజు దేవరకొండకి ఆపరేషన్లకి పోతారని, పిల్లల్ని చూడటానికి ప్రతి ఆదివారం హైదరాబాద్ కారు తోలుకుంటూ పోయి వస్తారని రాశారు. మిర్యాలగూడ నుంచి నార్కట్‌పల్లి దాకా ఆ అద్దంకి రోడ్డు, అక్కడి నుంచి చౌటుప్పల్ మీదుగా విజయవాడ హైవే. ఆ దారిలో జరిగిన ప్రమాదాల ఫైళ్ళు నేను ఎన్ని చూశానో లెక్కలేదు. మీ దగ్గర వ్యక్తిగత ప్రమాద బీమా అసలు లేదు, కారు పాలసీతో తప్పనిసరిగా వచ్చే 15 లక్షలు తప్ప. అది కూడా ఓనరు స్వయంగా నడుపుతున్నప్పుడు మరణానికీ, కాళ్ళూ చేతులూ కళ్ళూ పోవడం, శాశ్వత పూర్తి వైకల్యం వంటి వాటికీ మాత్రమే.

వ్యక్తిగత ప్రమాద బీమా ఇద్దరికీ తీసుకోండి. కానీ అది సర్జన్‌కి ఎంతవరకు పనికొస్తుందో తెలిసి తీసుకోండి. పాలసీలో ఒక పట్టిక ఉంటుంది. ఒక చెయ్యి పూర్తిగా పోతే బీమా మొత్తంలో 50 శాతం. బొటనవేలు పూర్తిగా పోతే సాధారణంగా 25 శాతం, చూపుడు వేలు మూడు కణుపులూ పోతే 10 శాతం, ఒక్క కణుపే పోతే 4 శాతం. ఆ పట్టికకి గుమస్తా వేలూ సర్జన్ వేలూ ఒక్కటే. చూపుడు వేలు లేని గుమస్తా ఇంకో నెలకి ఆఫీసుకి పోతాడు. చూపుడు వేలు బిగుసుకుపోయిన సర్జన్ స్క్రూ బిగించలేడు. వేలు పోకుండా నరం దెబ్బతిని పట్టు తప్పితే ఇంకా కష్టం, ఆ పట్టికలో దానికి గడి కూడా దొరకదు, డాక్టర్ల బోర్డు శాతం తేల్చాలి. "శాశ్వత పూర్తి వైకల్యం" అన్నదానికి చాలా పాలసీల నిర్వచనం ఏ పనీ చేసుకోలేని స్థితి అని. ఓపీలో కూర్చుని మందులు రాయగలిగితే ఆ నిర్వచనం కింద ఆయన పని చేయగల మనిషే.

ఆ లోటు పూర్తిగా పూడ్చే పాలసీ మన దేశంలో సులభంగా దొరకదు. అందుకని మూడు రకాలుగా కొంచెం కొంచెం మూసుకోవాలి. సారు పేరున ప్రమాద బీమా కోటికి తక్కువ కాకుండా, అందులో తాత్కాలిక వైకల్యానికి వారం వారం ఇచ్చే భాగం తప్పనిసరిగా చేర్చి తీసుకోండి. ఇది సాధారణంగా బీమా మొత్తంలో వారానికి 1 శాతం, 100 వారాల దాకా ఉంటుంది, దాని మీద కంపెనీలు పెట్టే గరిష్ఠ పరిమితి చూసుకోండి. మణికట్టు విరిగి మూడు నెలలు థియేటర్‌కి పోలేకపోతే కిస్తీ దీంట్లోంచి కడతారు. రెండోది క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ, అంటే పెద్ద జబ్బు తేలితే డబ్బిచ్చేది. పక్షవాతం, క్యాన్సర్, గుండె జబ్బు ప్రమాదాలు కావు కాబట్టి ప్రమాద బీమా వాటిని ముట్టుకోదు. మూడోది ఒక ఏడాది కిస్తీలకి సరిపడా డిపాజిట్. మెడ డిస్కు జారి ఆపరేషన్లు మానేసిన ఆర్థోపెడిక్‌లు మీకే తెలిసి ఉంటారు. ఏ పాలసీ ఇవ్వనిది ఆ డిపాజిట్ ఇస్తుంది.

ఇప్పుడు జీవిత బీమా. లెక్క చూద్దాం. అప్పు 2 కోట్ల 40 లక్షలు. ఇంటి ఖర్చు నెలకి లక్షన్నర అనుకుంటే ఏడాదికి 18 లక్షలు, బాబు స్థిరపడేదాకా పదిహేనేళ్ళకి 2 కోట్ల 70 లక్షలు. ఇద్దరి చదువులకి కోటిన్నర. మొత్తం 6 కోట్ల 60 లక్షలు. సారు లేకపోతే మీ ప్రాక్టీసు కొంత నిలబడుతుంది, కాబట్టి సారు పేరున 5 కోట్లు, మీ పేరున 3 కోట్లు టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి చనిపోతేనే డబ్బిచ్చే బీమా) ఉండాలి. భర్త పేరు మీదే బీమా చేయించి డాక్టర్ భార్యని వదిలేసే ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. మీ దవాఖానకి వచ్చే ఆడవాళ్ళలో ఎక్కువమంది మీ పేరు చూసే వస్తారని మర్చిపోవద్దు.

ఇక్కడ ఒక ముల్లు ఉంది. 18 లక్షల రిటర్ను మీద 43 ఏళ్ళ మనిషికి కంపెనీలు ఆదాయానికి పదిహేను నుంచి ఇరవై రెట్ల చుట్టూ ఇస్తాయి. అంటే మూడు, మూడున్నర కోట్లు. అసలు ప్రాక్టీసు దానికన్నా ఎక్కువని మీరే సూచనగా రాశారు. పన్ను సంగతి మీ ఆడిటరుది, నేను బీమా వైపు నుంచి చెప్తా: రిటర్నులో లేని ఆదాయానికి బీమా లేదు. టర్మ్ పాలసీ దాన్నే చూస్తుంది, ప్రమాద బీమా దాన్నే చూస్తుంది, రోడ్డు ప్రమాదంలో ట్రిబ్యునల్ పరిహారం లెక్కకట్టేటప్పుడు కూడా మొదట అడిగేది దాన్నే. పేరున్న డాక్టరు పోతే ఆయన భార్య చిన్న రిటర్నులు పట్టుకుని కోర్టులో నిలబడటం నేను చూశాను. ఆమె చెప్పింది నిజమే, కాగితం మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇచ్చినంత తీసుకోండి. వచ్చే రెండేళ్ళు ఆదాయం ఉన్నదున్నట్టు చూపండి, తర్వాత మిగిలింది పెంచుకోండి.

ఏడు పాత పాలసీలు ఏం చేయాలి? మీ మేనమామ దగ్గర తీసుకున్నవి మూడు ఉన్నాయన్నారు, ఆయనకి బాధ కలుగుతుందని వెనకాడుతున్నారు. ఆయన్ని దోషిని చేయనవసరం లేదు, ఆయనకి తెలిసింది ఆయన అమ్మారు. అయితే 3,90,000 కట్టి 46 లక్షల రక్షణ అన్నది సరైన బేరం కాదు. ఆరోగ్యం బాగుంటే ఇద్దరి టర్మ్ పాలసీలూ అందులో సుమారు సగంతో అయిపోతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. రెండు మూడేళ్ళలో మెచ్యూర్ అయ్యేవి కట్టి ముగించండి. మధ్యలో ఉన్నవి పెయిడప్ చేయండి, కట్టింది పోదు, కొత్తగా కట్టక్కర్లేదు. నిరుడు మొదలుపెట్టిన ఆ యూలిప్‌కి (మార్కెట్ పెట్టుబడి కలిసిన బీమా) ఐదేళ్ళ లాక్ ఉంటుంది, ఆపితే ఏమవుతుందో రాతలో అడిగి తెలుసుకోండి. ఏదైనా సరే, కొత్త టర్మ్ పాలసీ చేతికి వచ్చాకే పాతవాటిని ముట్టుకోండి. మెడికల్‌లో ఏదన్నా తేలి టర్మ్ రాకపోతే అప్పుడు ఆ 46 లక్షలే దిక్కు.

సారు టర్మ్ పాలసీ మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ చట్టం కింద తీసుకోమని మీకు ఎవరో చెప్పారన్నారు. 1874 నాటి ఆ చట్టం 6వ సెక్షన్ కింద భార్యాపిల్లల పేరున తీసుకున్న పాలసీ డబ్బు భర్త ఆస్తిలో కలవదు, ఆయన అప్పులవాళ్ళు ముట్టుకోలేరు. మంచి సలహానే, కొనేటప్పుడే ఆ ఫారం పెట్టాలి, తర్వాత కుదరదు. కానీ మీ ఇంటికి ఒక తేడా ఉంది. బ్యాంకు అప్పు మీద మీ సంతకం కూడా ఉంది. సారు అప్పులవాళ్ళ నుంచి ఆ చట్టం కాపాడుతుంది, మీ సొంత అప్పు నుంచి మిమ్మల్ని కాపాడదు. డబ్బు మీ చేతికి వచ్చాక అది మీ డబ్బే, బ్యాంకు మిమ్మల్ని అడుగుతుంది. అందుకని పాలసీ రెండు ముక్కలు చేయండి. అప్పుకి సరిపడా ఒక పాలసీ మామూలుగా, మీరు నామినీగా. పిల్లల చదువుకి సరిపడా ఇంకోటి ఈ చట్టం కింద, పిల్లలిద్దరే లబ్ధిదారులుగా, కోదాడలో ఉన్న మీ తమ్ముడో మీరు నమ్మే ఇంకొకరో ట్రస్టీగా. అప్పుతో పాటు బ్యాంకు అంటగట్టిన పాలసీ ఒకటి ఉండే ఉంటుంది, శాంక్షన్ లెటర్‌లో వెతకండి. అది సారు ఒక్కరికేనా, మీకూ వర్తిస్తుందా, ఏటా ఎంత తగ్గుతుంది అన్నవి చూసి, ఆ మేరకు మొదటి పాలసీ తగ్గించుకోవచ్చు.

హెల్త్ పాలసీ గురించి డాక్టర్లు ఒకటే అంటారు: మాకు ఎవరూ ఫీజు తీసుకోరు కదా అని. నిజమే, తోటి డాక్టరు కన్సల్టేషన్ తీసుకోడు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖాన ఐసీయూ, మందులు, ఇంప్లాంట్ల బిల్లు మాత్రం ఎవరూ మాఫీ చేయరు. మీ 5 లక్షల పాలసీలో రూం అద్దె 1 శాతం అని ఉంటే రోజుకి 5,000. మీరు 10,000 గదిలో చేరితే గది తేడా ఒక్కటే కాదు, సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు. మందులకీ ఇంప్లాంట్లకీ పరీక్షలకీ ఆ కోత పెట్టకూడదు, పెడితే అడగండి. రూం పరిమితి లేని 10 లక్షల పాలసీ, దాని పైన 10 లక్షల డిడక్టిబుల్‌తో పెద్ద సూపర్ టాపప్ (ఏడాదిలో బిల్లులు 10 లక్షలు దాటాక పైది ఇచ్చే పాలసీ) తీసుకోండి, ఖర్చు మీరు అనుకున్నంత ఉండదు. ఇప్పుడున్నదాన్ని వదిలేసి కొత్తది కొనకండి, రెన్యువల్‌కి కనీసం 45 రోజుల ముందు పోర్టబిలిటీకి (ఉన్న పాలసీని మార్చుకోవడానికి) అప్లై చేస్తే ఇప్పటిదాకా గడిపిన వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకి డబ్బు రాని మొదటి కాలం) పోదు. అత్తమామలకి వేరే పాలసీ, మీ ఫ్లోటర్‌లో (ఇంటివాళ్ళందరికీ కలిపి ఒకే మొత్తం ఉన్న పాలసీలో) కలపొద్దు. వాళ్ళ వయసు వల్ల ప్రీమియం పెరగడమే కాక, ఒక్కరు ఐసీయూలో పడితే పిల్లలకి ఏమీ మిగలదు.

సారుకి బీపీ ఉందని, మూడేళ్ళుగా తన మందు తనే రాసుకుంటున్నారని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. ఎక్కడా చీటీ లేదు, రికార్డు లేదు కాబట్టి ప్రపోజల్ ఫారంలో లేదని రాయొచ్చా అని మీ అనుమానం. రాయొద్దమ్మా. రేపు గుండెనొప్పితో చేరినప్పుడు, కంగారులో డ్యూటీ డాక్టరుకి "మూడేళ్ళుగా టాబ్లెట్ వేసుకుంటున్నారు" అని చెప్పేది మీరే, కేస్ షీటులో రాసేది ఆయన. ఫైలు తిరగేసినప్పుడు నేను మొదట చదివేది అడ్మిషన్ నోట్సునే. చెప్పి తీసుకుంటే హెల్త్ పాలసీలో పాత జబ్బుకి వెయిటింగ్ 36 నెలలకి మించకూడదని నియమం, అంతే నష్టం. టర్మ్‌లో ప్రీమియం కొంచెం పెరుగుతుంది. దాచితే జీవిత బీమాలో మొదటి 3 ఏళ్ళు, హెల్త్‌లో 60 నెలలు కంపెనీ వెనక్కి తిరిగి అడిగే హక్కుతో ఉంటుంది, హెల్త్‌లో మోసం అని తేలితే ఆ తర్వాత కూడా. వేరే ఫిజీషియన్ దగ్గర ఒకసారి చూపించి, బీపీ అదుపులో ఉందని రికార్డు చేయించి, దాన్నే జతచేయండి. అదుపులో ఉన్న బీపీకి టర్మ్ రావడం కష్టం కాదు.

దవాఖాన బిల్డింగు, సామాను సంగతి రెండు మాటల్లో. మొత్తం విలువ 5 కోట్ల లోపైతే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా అనే ఫైర్ పాలసీ సరిపోతుంది. బ్యాంకు చేయించింది అప్పు మేరకే అయి ఉంటుంది, అసలు విలువకి చేయించకపోతే చిన్న నష్టానికి కూడా కోత పడుతుంది. అల్లర్లు, విధ్వంసం వల్ల కలిగే నష్టం అందులో ఉందో లేదో చూడండి, అద్దాలు పగిలిన రోజు అదే కావాలి. సీ-ఆర్మ్ (థియేటర్‌లో వాడే ఎక్స్‌రే మెషీను), స్కానింగ్ మెషీన్లకి ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ వేరే తీసుకోండి, కరెంటు హెచ్చుతగ్గులకి బోర్డులు కాలిపోతే ఫైర్ పాలసీ ఇవ్వదు.

మీ ఇండెమ్నిటీ రెన్యువల్ వచ్చే నెల 14 అన్నారు కాబట్టి మిగతావన్నీ పక్కన పెట్టి ఈ వారం దాని షెడ్యూల్ మొదటి పేజీ తీయండి. నిష్పత్తి, రెట్రోయాక్టివ్ డేట్, పాలసీ ఎవరి పేరున ఉంది, ఈ మూడూ ఇక్కడ రాయండి, పాలసీ నంబరు మాత్రం పెట్టొద్దు. రెట్రోయాక్టివ్ డేట్ మీరు మొదట పాలసీ తీసుకున్న ఏడాది కాకుండా వేరేది ఉంటే, అసలు ఏ సంవత్సరం నుంచి కడుతున్నారో పాత రసీదులు వెతికి పెట్టుకోండి. 14 లోపు కంపెనీకి ఏమని ఉత్తరం రాయాలో నేను చెప్తాను.